పడుకుని చూసే టీవీ

అబ్బే, అది వద్దు బావా. బొమ్మ బ్రహ్మాండంగా ఉందంటావు. ఉంటుంది, ఎదురుగా నిలబడి చూస్తే ఏ టీవీ అయినా బ్రహ్మాండమే. మీ అక్క నిలబడి చూస్తుందా, చెప్పు? పడుకుని, అదీ ఎడమవైపుకి ఒత్తిగిలి, కిందనుంచి పైకి చూస్తుంది. అందుకే ఇందాక నేల మీద చతికిలబడ్డాను. నవ్వితే నవ్వనీ జనం. ఆ సేల్స్‌మన్ అయితే నేను కళ్ళు తిరిగి పడ్డాననుకుని మంచినీళ్ళకి పరిగెత్తాడు!

కిందనుంచి చూస్తే మొహాలన్నీ మసిపూసినట్టు నల్లగా అయిపోయాయి. చవకరకం తెరలు ఇంతే. ఎదురుగా ఉన్నవాడికే మర్యాద.

రా, ఇలా బయట బెంచీ మీద కూర్చుందాం. గోడౌన్ నుంచి ఇంకో రెండు తెప్పిస్తానన్నాడుగా. అవి వచ్చేదాకా లోపల నేనుండలేను. గోడనిండా టీవీలు, అన్నిట్లో అవే చేపలు, అటూ ఇటూ, అటూ ఇటూ. తల తిరిగిపోతోంది.

పైగా నాకు పాఠం చెప్తాడా! 'సార్, ఇందులో పిక్సెల్స్ ఎక్కువ' అట. నాకు! ముప్ఫై రెండేళ్ళు బావా. ఈ చుట్టుపక్కల నా చెయ్యి పడని టీవీ ఉందా? మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మీ నాన్న ఏమన్నాడు? ఎంత సంపాదిస్తావన్నాడా? 'మా టీవీలో గీతలు పడుతున్నాయి, కాస్త చూడు బాబూ' అన్నాడు. గీతలు పోయాయి, పిల్లనిచ్చాడు.

ఇప్పుడీ పల్చటివాటికి మెకానిక్ ఎందుకు? బోర్డు పోతే బోర్డు మార్చు, తెర పోతే అవతల పారెయ్. నా రిపేరు కొట్టు మూసే ముందు ఆర్నెల్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. ఆఖరి రోజున ఒకావిడ వచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. 'మిక్సీ బాగుచేస్తారా?' అంది.

ఏయ్, ఏంటది? జేబులో పెట్టు. పెట్టు ముందు. నలభైమూడంగుళాలది తీసుకుందాం, తక్కువైంది నేను వేస్తానంటావు, అంతేగా? వద్దు. బస్సు తోలీ తోలీ భుజాలు అరిగిపోయాయి నీకు, ఆ డబ్బు నాకొద్దు. నా దగ్గరున్నదానికి ముప్ఫైరెండు వస్తుంది, చాలు.

పౌరుషమా? పౌరుషం ఇంకా ఎక్కడుంది బావా నాకు! ఉన్నన్నాళ్ళూ ఉండి ఇల్లు ముంచింది. నీ డబ్బు నేను పట్టుకోలేను, అంతే. ఎందుకని అడక్కు.

అలా చూడకు మరి. అడగడం కన్నా అదే అన్యాయం.

సరే, విను. విన్నాక నువ్వే లోపల పెట్టుకుంటావు.

మీ అక్క బాత్రూంలో జారిపడలేదు.

ఆగు. మధ్యలో మాట్లాడితే ఇక చెప్పలేను.

పడకముందు ఏడాదిగా కొత్త టీవీ కొందామంటూనే ఉండేది. మా పాత డబ్బాలో తెర సగం పచ్చగా, సగం ఎర్రగా, మనుషులందరూ కామెర్లొచ్చినవాళ్ళలా ఉండేవాళ్ళు. నేనేమనేవాణ్ణి? 'నేను బతికుండగా ఈ ఇంట్లోకి కొత్త టీవీయా? నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు.' ఒకరోజు మాటామాటా పెరిగింది. 'మీకు చేతకాదని ఒప్పుకుంటే పోలా' అంది. నవ్వుతూనే అందిలే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడు స్క్రూడ్రైవర్ తీసి వెనక మూత ఊడబీకాను.

ఊడబీకాను సరే, పార్టు దొరకొద్దూ? మార్కెట్టంతా గాలించాను. 'ఇంకా ఆ డబ్బాలు చూసేవాళ్ళున్నారా అంకుల్?' అని నవ్వారు. పోనీ, మూత బిగించి మూల పెట్టెయ్యొచ్చుగా? పెట్టలేదు. పెడితే ఓడిపోయినట్టేగా మరి. పదకొండు రోజులు స్టాండు మీద నోరు తెరుచుకుని కూర్చుంది. దుమ్ము పడుతోంది, మూసెయ్యండీ అని మీ అక్క రోజూ అనేది. రేపు అనేవాణ్ణి.

నీకు తెలీదులే, పాత టీవీల్లో పిక్చర్ ట్యూబు ఉంటుంది చూడు, అది ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు దాచుకుంటుంది. చెయ్యి పెట్టావో, ఈడ్చి కొడుతుంది. పనిలో చేరిన రోజున మా మేస్త్రీ నేర్పిన మొట్టమొదటి ముక్క అదే: ముందు దాని కరెంటు దించు, తర్వాతే చెయ్యి పెట్టు. లక్షసార్లు దించి ఉంటాను. ఆ రోజు పొద్దున ఒకసారి ఆన్ చేసి చూశాను. తెర మీద పిసరంత వెలుగు రాలేదు. చిరాకేసి ప్లగ్గు పీకి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాను. దించలేదు.

పాపం, మీ అక్క జాగ్రత్త మనిషే. ప్లగ్గు పీకి ఉందా లేదా చూసుకుని మరీ గుడ్డ పట్టుకుందట. స్టూలెక్కి వెనక దుమ్ము తుడవబోయింది. ఒక్క దెబ్బకి వెనక్కి విరుచుకుపడింది.

నేనెక్కడున్నానా? టీ కొట్టు దగ్గర. ఎప్పుడో ఫైనల్ మ్యాచి రోజున వీధి మొత్తానికి ఒకటే టీవీ ఉంటే, అది చచ్చిపోతే, పది నిమిషాల్లో ఎలా బతికించానో చెప్తున్నాను. జనం నన్ను భుజాల మీద ఎత్తుకున్నారని చెప్తున్నాను. ఎన్నోసారో! వినేవాళ్ళకే కంఠతా వచ్చేసింది. గంటసేపు బావా. గంటసేపు ఆవిడ నేల మీద పడి ఉంది. అరిచిందట కూడా. పక్కింట్లో టీవీ పెద్దగా పెట్టుకున్నారు, వినపళ్ళేదు.

నేను వెళ్ళాక ఏమందో తెలుసా? ఏడవలేదు. నన్నొక్క మాట అనలేదు. 'తమ్ముడికి బాత్రూంలో జారానని చెప్పండి. వాడసలే కోపిష్టి, మిమ్మల్ని ఏమైనా అంటాడు' అంది. తుంటి ఎముక విరిగి కాలు కదపలేక పడున్న మనిషి!

ఇంకా ఉంది. 'ముందా మూత బిగించండి, అంబులెన్సు వాళ్ళు చూస్తారు' అంది.

బిగించాను.

ఆవిడ కింద పడి ఉండగానే, నేను నిలబడి నాలుగు స్క్రూలూ బిగించాను. ఒకటి జారిపోయింది. వెతుక్కుంటుంటే ఆవిడే చూపించింది. అదిగో, మంచం కింద, అని.

ఎనిమిది నెలలైంది. మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఆ మాట రాలేదు. నువ్వు ఆస్పత్రికి వచ్చి బాత్రూం గచ్చుని తిట్టావు. పాకుడు పట్టింది, మీరు కడిగించరు అని నన్నూ తిట్టావు. అప్పుడు మీ అక్క కళ్ళు మూసుకుంది. నేను తల ఊపాను. ఔను బావా, కడిగించాల్సింది అన్నాను. మర్నాడు నువ్వొచ్చి గచ్చంతా బ్రష్షు పెట్టి రుద్దావు చూడు, గుమ్మంలో నిలబడి నీకు నీళ్ళు అందించాను.

ఏదో ఒకటి అను. తిట్టు. కొడతావా? ఇక్కడే కొట్టు, నలుగురూ చూస్తుండగా. అలా నీ చేతులు నువ్వు చూసుకుంటూ కూర్చోకు.

ఏమిటీ?

టీవీ కావాలని అక్క అడిగిందా, అనా?

లేదు. పడిపోయాక టీవీ అన్న మాటే ఎత్తలేదు. నీతో అబద్ధం చెప్పాను. ఆవిడ అడుగుతోందంటే వెంట రావడానికి నువ్వు కాదనవని.

ఇక నడవదని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆ గదిలో మేమిద్దరమే. అన్నం కలిపి పెడుతుంటే చూస్తుంది. పక్క మారుస్తుంటే చూస్తుంది. ఒళ్ళు తుడుస్తుంటే చూస్తుంది. కోపంగా కాదు, కోపం ఉంటే కాళ్ళు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఊరికే చూస్తుంది. చెప్పులేసుకుంటే మాత్రం, 'ఎంతసేపట్లో వస్తారు?' అంటుంది. ఇవాళ పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి వచ్చినా అడిగింది.

గోడకి ఏదో ఒకటి కదులుతూ ఉంటే, కాసేపైనా అటు చూస్తుందని. మాట్లాడేదేదో ఆ టీవీయే మాట్లాడుతుందని. ఆవిడ కోసం కాదు బావా, నా కోసం కొంటున్నాను.

లే. లోపల పిలుస్తున్నారు.