గురమ్మత్త పాటకి గిటారు కట్టినాం

"తాతా, క్యాసెట్ అట్ట మీద నీ పేరుంది. పాడింది నువ్వు కాదు గదా?"

కాదే అమ్మీ. ఆ గొంతు రవణగాడిది. ఫోన్లో రికార్డు ఎట్టినావా? ఎట్టు, ఎట్టు. సెప్తాను.

మాము ముగ్గురం. నాను గిటారు, రవణ పాట, యూసోఫ్ డ్రమ్ములు. యూసోఫ్ మలాయ్ మనిషి, ఈ దేశపోడే, ఇక్కడే సుంగై సుమున్‌లో పుట్టినాడు. తెలుగు అర్థం తెలీదు, అయితే మా పాటలన్నీ నోటికొచ్చు. అప్పుడు బేండంటే అందరూ ఇంగ్లీషు పాటలే వాయించీవోరు. మాము మన తెలుగోలు పనిసేసీ తోటల్లో ఆడోలు పాడుకునీ పాటలకి కరెంటు గిటారు కట్టినాం. తెలుక్ ఇంతాన్ కాడ్నించి క్లాంగు దాకా పిలిసీవోరు, పెళ్లిళ్లకీ, గుడి పండగలకీ. కోపీ అప్పుడు ఇరవై సెన్నుల సిల్లరే, ఒక్క గ్లాసు ముగ్గురం తాగీవోలం... ఏటి సెప్తన్నాను?

ఆఁ, పాట. అది రవణ వాళ్లమ్మది. గురమ్మత్త అనీవోడ్ని. కొబ్బరితోటలో నేలన పాతిన ఇనప మొనకి కాయ గుచ్చి పీచు ఒలిసీది. ఒలుస్తా పాడీది. ఒక్కో వరస కాడ ఆగి, కాయ గుచ్చి, మళ్లా అందుకునీది. ఆ ఆగిన కాడ నాకు బోసిగా అనిపించింది. అక్కడ గిటారు జోరుగా ఏసినాను. జనం ఎగిరినారు సూడు! మా పాటలన్నిట్లో అదే పేరు తెచ్చింది.

క్యాసెట్ ఏసినాయన అడిగినాడు, "ఈ పాట కట్టిందెవరు?" అని. నాను... నా పేరు సెప్పినాను. అలగ సూడకు అమ్మీ. కుర్రతనం. గిటారు నాదే గదా అనుకున్నాను. అట్ట సూసి రవణ ఒక్క మాటే అన్నాడు, "మాయమ్మ పాట నీదెప్పుడయ్యిందిరా?" మరింక మాటాడనేదు. తోట కూలీల లైను ఇళ్లు తీసీసినాక బంటింగు ఊరు ఎల్లిపోనాడు. గురమ్మత్త పోయినప్పుడు ఎల్లినాను గానీ, గుమ్మం బయటే నిలబడి వచ్చీసినాను.

మొన్న మీ నేస్తాలు ఆ పాట మళ్లా వాయిస్తామని అడిగినారు గదా, అది నాది కాదని ఆలకి సెప్పీసినాను. యూసోఫ్‌కి ఫోన్ సేసి, "రవణ కాడికి ఎల్దాం" అన్నాను. "ఇన్నేళ్లూ ఏటి సేసినావు?" అని మలాయ్‌లో తిట్టి, కారు తీసినాడు.

రవణ తలుపు తీసి యూసోఫ్‌నే రమ్మన్నాడు. నాను సెప్పులకాడే నిలబడి అన్నాను, "తప్పు సేసినాన్రా. ఆ పాట మీయమ్మది. కుర్రోలకి అదే సెప్పీసినాను."

"ఆ పాట ఏటో తెలుసా నీకు?" అన్నాడు.

"కాయలొలిసీ పాట గదా?"

"నాకన్నా ముందు మాయమ్మకి ఒక ఆడపిల్లరా. జొరమొచ్చి పోయింది. దాని కోసం కట్టుకున్న పాట. ఏడుపొచ్చీ కాడ ఊపిరి బిగపట్టి కాయ గుచ్చీది. మనం అక్కడ జనాన్ని ఎగిరించినాం. ఒకపాలి ముందు వరసలో కూకొని సూసింది, ఏటీ అననేదు. పోయే ముందు సెప్పింది నాకు."

మళ్లా ఆడే అన్నాడు, "నానూ తెలీక పాడినాను గదరా. నిన్నొక్కడ్నే ఏటంటాను? లోపలికి రా."

యూసోఫ్‌కి మలాయ్‌లో అంతా సెప్పినాడు. యూసోఫ్ ముసలి మొకం సేతుల్లో ఎట్టుకున్నాడు. పెళ్లిళ్లలో ఎన్నిసార్లు వాయించినాడో, పాపం.

ఆ మద్దేనం కార్లో ఉన్న నా పాత గిటారు తెచ్చి, ముగ్గురం కూకొని మళ్లా పాడినాం. యూసోఫ్ బల్ల మీద ఏళ్లతోటే వాయించినాడు. ఆగీ కాడికి వచ్చీసరికి రెండు సేతులూ పైకెత్తీసినాడు. నానూ తీగెలు ఒదిలీసినాను. ఫేను సప్పుడొక్కటే. రవణ కళ్లు మూసుకొని, మళ్లా అందుకున్నాడు.

ఒచ్చీటప్పుడు కారు కాడికొచ్చి అన్నాడు, "ఈ పాలి మాయమ్మ పేరు ఏయించు. పేరు మరిసిపోయినా పరవానేదు గానీ, ఆ ఆగీ కాడ మాత్రం ఏటీ వాయించొద్దను."

మరి నువ్వే సెప్పాల నీ నేస్తాలకి. నీకు తమిళం, మలాయ్ అన్నీ వొచ్చు, నీ మాటింటారు. నువ్వూ పాడు, సిగ్గుపడకు, తెలుగు తప్పులొస్తే నానున్నాను గదా... సల్లగుండు తల్లీ. నీ గొంతు సల్లగుండ...