పిండి గదిలోంచి తీసుకెళ్ళిన అక్షరం

అధ్యక్షులవారికి, మేనేజరు లువాన్ గారికి, యూనియన్ పెద్దలకి, నాతో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిరి రొట్టెలు వండిన క్యాంటీన్ వాళ్ళకి దణ్ణాలు. తొమ్మిదేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మాట ముందు చెప్పేస్తాను, లేకపోతే మీరు పోసిన ఈ వీడ్కోలు టీ గొంతు దిగదు. మీ మీటింగు హాల్లో గోడ మీద అద్దం పటంలో ఉన్న అక్షరం నాది.

ఈ కాగితం చూసి చదువుతున్నాననుకోకండి, తలకిందులుగా పట్టుకున్నానని మా క్యాంటీన్ చూయ్ అక్క ఇందాకే సైగ చేసింది. (నవ్వులు) నాకొచ్చింది ఆ ఒక్క అక్షరమే. పెళ్ళయిన కొత్తలో నా భార్య లాన్‌షియాంగ్ పొయ్యి మసి నీళ్ళలో కలిపి, కుంచెతో కాగితం మీద రాసి, మన క్యాంటీన్ పిండి తొట్టి మీద అంటించింది. "ఏమయ్యా, నీకు చదువెక్కదు. ఇదొక్కటీ నేర్చుకో, అయిదు నేర్చినట్టే" అంది. గీతలు అవే, పలుకులు అయిదు, అర్థాలూ వేరువేరు. 'హువో' అంటే పిండి తడపడం. గొంతు దించి 'హువో' అంటే కలపడం, బట్టలు జాడించడం. 'హూ' అంటే మాజాంగ్ పలకలాటలో గెలుపు. 'హ' అని గొంతు దించితే పాటకి వంత, గొంతు ఎత్తితే పొత్తు.

మీరు దాన్ని పట్టుకుపోయి వచ్చినవాళ్ళకల్లా 'పొత్తు, మా ఫ్యాక్టరీ సూత్రం' అని చూపించారు. దాని కిందే కూర్చుని పద్దెనిమిది మందిని ఇంటికి పంపారు. అద్దానికి పట్టలేదని అంచులు కోశారట. ఆ మూల ఆమె పిండి వేలిముద్ర ఉండేది. పోయింది, సరే.

రెండేళ్ళ కిందట ఆమే పోయింది. ఫోటోలున్నాయి, చేతిరాత ఇంకెక్కడా లేదు. అయిదుసార్లు అడిగాను. "చూద్దాం, గెంగ్ మేస్త్రీ" అన్నారు. రేపట్నుంచి ఫ్రీజరులో గడ్డకట్టిన రొట్టెలు లారీలో వస్తాయట, పిండి తడిపే పనిలేదు. పలకలాటకి నలుగురిలో ఇద్దరం మిగిలాం. ఇంట్లో విడిచిన చొక్కా ఒక్కటే, దాన్ని జాడించడమూ ఒక పనేనా? వంత పాడదామంటే పాడే మనిషి లేదు. ఇక మిగిలిన పొత్తు మీ గోడ మీద ఉంది.

దుప్పటి ఇచ్చారు, సంతోషం. పోయినవాళ్ళని తలుచుకునే చింగ్‌మింగ్ పండగ నాడు ఆమె సమాధి ఊడ్చడానికి వెళ్తాను. నా అక్షరమేదని అడుగుతుంది, ఆమె ఊరుకోదు. ఆ ముందు రోజు మధ్యాహ్నం సైరను మోగేదాకా గేటు దగ్గర నిలబడతాను. లువాన్ గారూ, ఇస్తారా, ఇవ్వరా? చూద్దాం అనకండి.

సెలవు.