రేకుల కింద మబ్బు

వెంకటాద్రి మామ కథ మొదలుపెడితే సుబ్బరాయన్ టీ కొట్టులో పాలు కూడా పొంగడం మరిచిపోతాయని మేట్టుపాళయంలో అంటారు. ఆయనది లేత్ షెడ్డు. అందులో లేత్ కంటే మామ నోరే ఎక్కువ తిరుగుతుంది.

నడి వేసవిలో కత్తిరి ఎండ కాసే ఆ మధ్యాహ్నం జయంతి టీ కోసం రాలేదు, దిగులు పట్టలేక వచ్చింది. ఆమె కొవ్వొత్తుల షెడ్డు మీద సిమెంటు రేకులు కాలిపోతున్నాయి. అచ్చుల్లో మైనం గట్టిపడటం లేదు. గట్టిపడ్డ కొవ్వొత్తులు సాయంత్రానికి నడుం వంచేస్తున్నాయి. అవన్నీ మాతా కోవెల చర్చి తిరునాళ్లకు ఒప్పుకున్నవి. రేకుల కింద నురుగు బోర్డు కొట్టిస్తే చల్లబడుతుందన్నారు. తెల్ల థర్మాకోల్ కొట్టించాలా, పసుపుది కొట్టించాలా? పసుపుది అగ్గి పట్టని రకమని అంగడాయన చెప్పాడు. ఏదో ఒకటి ఆయనకు ఇవాళే చెప్పాలి.

“ఏంది పాపా, దీనికా ఇంత యోచన?” అన్నాడు మామ, గ్లాసు కింద పెట్టి. “నేను బోర్డు ఎట్ల ఎంచితినో విను. గోడౌనుకు పోతి. మూడు రకాలు ఒకదాని మింద ఒకటి అడుకులుగా పెట్టుండారు. ఆ సేల్స్‌మేన్ ఏందేందో ఇంగ్లీషులో చెప్తా ఉండాడు. నిలుపప్పా అంటి. చొక్కా విప్పి పసుపుదాని మీద పడుకుంటి. కన్ను మూస్తే ఏం కల? నూనె చట్టిలో నేనే బజ్జీగా వేగతా ఉండా! లేచి రోజా రంగుది ఎక్కితి. ఆ కలలో పెండ్లి పంక్తి, నాకు మాత్రం ఆకు లేదు. అదీ వద్దని తెల్లది ఎక్కితి చూడు... మార్గళి మాసం చలి, సన్న వాన, వైతికుప్పం సముద్రం ఒడ్డులో బోర్లించిన పడవ కింద పడుకోనుండా. నన్ను లేపేదానికి గోడౌనంతా కూడింది.”

“అంగట్లోనా మామా నిద్ర?” అన్నాడు సుబ్బరాయన్.

“నువ్వు టీ చూడప్పా. ఆ తెల్లదే రేకుల కింద కొట్టిస్తి. మరుసటి దినమే ఫ్యాను ఆపేస్తి. ఇది పెద్ద సంగతి కాదు. ఆ తర్వాత ఏమయిందో తెలుసునా? పనోళ్లు స్వెట్టర్లు అడిగిరి. మాట్లాడితే నోట్లో పొగ! తేంగాయితిట్టు రేవు చేపలోళ్లు ఐసు కొనేది మానేసి బుట్టలు తెచ్చి నా కాడ పెట్టి పోతా ఉండిరి. వంజరం చేపలు చలికి ఒకదాన్నొకటి కరుచుకోనుండె, విడదీసేదానికి మనసు రాలే. తలుపు తీస్తే మంచు రోడ్డు మీదికి పోయింది, నడి మధ్యాహ్నం లారీలు లైట్లేసుకోని పోయె. ఇంక ఒకనాడు సముద్రం మింద నుంచి మబ్బొకటి వచ్చింది...”

“యాడికి?” అన్నాడు సుబ్బరాయన్.

“నా షెడ్డుకే! కిటికీలో దూరి, రేకుల కింద సద్దుకోని పడుకుండింది. తరిమితే పోదు. అలిసిపోయి వచ్చిందిలే అని నేనూ వదిలేస్తి. మధ్యాహ్నం అయితే లేత్ మింద సన్నగా కురిసేది, మళ్లా నిద్రపోయేది.”

జయంతికి అబద్ధమని తెలుసు. అయినా గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. కళ్ల ముందు తన షెడ్డే: పైన తెల్లగా మబ్బు, కింద వరసగా తెల్లటి కొవ్వొత్తులు, ఒక్కటీ వంగకుండా. పని ఆడవాళ్లు కొంగు కప్పుకుని మెల్లగా ఏదో పాడుకుంటున్నారు. నిజం కాకూడదా దేవుడా అనుకుంది. నిజంగానే అనుకుంది.

“ఫోటో తీసినారా మామా? సెల్లు ఉండాదే?” అన్నాడు సుబ్బరాయన్.

“తీసుందును. చలికి బొటనవేలు ఆడలే. ఇంక ఆ మబ్బు మంచుగా కురిసేదానికి మొదలుపెట్టింది. తవ్వి తవ్వి లేత్‌ని వెతుక్కుంటిమి! నమ్మరా? ఇదో, మిగిలిన బోర్డు ముక్క. సూరీడే వచ్చి దీని మింద కూర్చున్నా చలికి లేచి పోవాల!” మామ చొక్కా జేబులోంచి తెల్ల ముక్క తీసి జయంతి చేతిలో పెట్టాడు. “నా షెడ్లో ఇంకా బోర్డులు పడుండాయి. రేపే వచ్చి కొట్టిస్తా. నువ్వు ఊ అను.”

తేలిగ్గా, మబ్బులా తెల్లగా ఉంది. ఊ అనబోయింది కూడా. కానీ మైనం పని చేసేవాళ్లకు ఏది చేతికొచ్చినా మంట దగ్గర పెట్టి చూడటం అలవాటు. సుబ్బరాయన్ స్టవ్వు దగ్గరకు వెళ్లి ముక్క అంచు మంటకు చూపించింది. ముక్క ముడుచుకుంది. భగ్గున అంటుకుని నల్లటి బొట్లుగా కారింది. సుబ్బరాయన్ కంగారుగా నీళ్లు కొట్టాడు.

జయంతి వేళ్లు తుడుచుకుంది. ఇంతసేపు చల్లగా కూర్చోబెట్టిన మనిషి మీద ఆమెకు కోపం రాలేదు.

“మామా, మీ కాడ మబ్బుండాది. నిప్పు పడితే అదే కురిసి ఆర్పతుంది. నా షెడ్లో ఉండేది మైనం కాగే పొయ్యి ఒకటే. నేను పసుపుదే కొట్టిస్తా.”