ట్రాముకి బెదరని నేల

మెల్‌బోర్న్‌లో మా ఫిజిక్స్ విభాగం వరండాలో పదిన్నర టీకి ఇంజనీరు వెర్నన్ తగిలాడంటే ఇక మా పని అయినట్టే. ఆ రోజైతే మరీనూ. కొత్త ల్యాబుకి ఆయన గీసిన ప్లాను మీద మా హెడ్ మేడమ్ మెరెడిత్ సంతకం పెట్టాలి. పెట్టకపోతే పని సిడ్నీ వాళ్లకి పోతుంది, డెబ్బై ఏళ్ల వెర్నన్‌కి మళ్లీ ఇంకో ల్యాబు దొరకదు.

"ల్యాబుకి నేల కదలకూడదు తల్లీ, అంతే సంగతి. పాత ల్యాబుకి నేనేం చేశానో తెలుసా? నేలని గోడలకి తగలకుండా, చుట్టూ వేలెడు సందు వదిలి విడిగా పోయించాను. వీధిలో ట్రాము కాదు, దాని తాత పోయినా లోపల లేజరు వణకదు!"

"అది అందరూ చేసేదే కదా పెద్దాయనా," అన్నాడు వర్క్‌షాపు కోలిన్, లామింగ్టన్ కేకు నములుతూ.

"అందరూ రాయి తగలగానే ఆపేస్తారు కోలిన్! నాకా రాయి మీద నమ్మకం కుదరలేదు. దాన్నీ తీయించి ఇంకా తవ్వించాను, తవ్వించాను, చివరికి మా మేస్త్రీ కిందినుంచి కేకేశాడు, భూమికి అవతలి పక్క ఎవడో పోర్చుగీసు జాలరి తిడుతున్నాడు సార్, వాడి పడవకి చిల్లు పెట్టామట అని!"

"మరి ఆ సముద్రం నీళ్లు పైకి రాలేదా?" అన్నాడు కోలిన్.

"వస్తాయా? నేనక్కడుండగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నేల మీద టీలో చక్కెర వేస్తే కరిగేది కాదు. వాలిన ఈగ లేవడం మర్చిపోయేది. భూమంతా తిరుగుతున్నా ఆ గది తిరగలేదు, మంగళవారం దగ్గరే ఆగిపోయింది. లోపలికెళ్లిన డీన్ పన్నెండేళ్లు చిన్నవాడై బయటికొచ్చాడు, పెళ్లాం ఇంట్లోకి రానివ్వలేదు!"

అందరం పడీపడీ నవ్వాం. వెర్నన్ మాత్రం నవ్వకుండా మెరెడిత్ చేతిలో పెన్ను వంకే చూస్తున్నాడు. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

"వెర్నన్, నా పీహెచ్‌డీ ఆ ల్యాబులోనే. గోడ పక్కనే లిఫ్టు పెట్టారు మీరు. అది కదిలినప్పుడల్లా నా కొలతలన్నీ గల్లంతు."

ఆయన ముఖం వాడిపోయింది.

"నేను ఏడ్చుకుంటూ ఫోన్ చేస్తే ఏం చేశారో అది మాత్రం చెప్పరేం? మూడు వారాలు రోజూ వచ్చి, లిఫ్టులో కుర్చీ వేసుకుని, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి కూర్చున్నారు. డీన్‌ని కూడా మెట్లెక్కించారు. నా థీసిస్ అంతా ఆ మూడు వారాల కొలతలే."

నాకైతే ఆయన మీద తెగ ప్రేమ పుట్టుకొచ్చింది.

మెరెడిత్ ప్లాను విప్పింది. కొత్త ప్లానులోనూ లిఫ్టు ల్యాబు పక్కనే ఉంది! దాన్ని కొట్టేసి, భవనం ఆ చివర గీసి, కింద సంతకం పెట్టింది.

"మళ్లీ మూడు వారాలు కూర్చోవాలంటే మీ నడుము ఊరుకోదు," అంది.

వెర్నన్ కళ్లు తుడుచుకున్నాడు. "మూడు వారాలేంటి తల్లీ, మూడేళ్లు!"