ఎవరార్డ్ లాగిన ఓడ

"గ్లోరియానా హాలు గోడ మీద ఒక్క సుత్తి దెబ్బ పడనివ్వను. మోంట్ సెరెన్ ఊరు నవ్విందీ ఏడ్చిందీ అందులోనే."

కార్నివాల్ పండక్కి ముందు ఎన్నికల వేదిక మీద మన పురపాలక సంఘం ఛైర్మన్ అన్న మాట ఇది. ఈస్టర్ నాటికి హాలు తలుపు మీద బోర్డు వేలాడింది: ఇక్కడ కార్ల పార్కింగు వస్తుంది. అడగడానికి వెళితే, "ట్రినిడాడ్‌లో ప్రతి ఊళ్ళోనూ ఒక పాత సినిమా హాలుంది. ఇంకెక్కడా లేనిది, ఈ హాలుకే ఉన్నది ఏదైనా చూపించండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

చరిత్ర నిర్మాతలు ప్రజలేనని చదువుకున్నవాణ్ణి. అందుకని ప్రజల దగ్గరికే వెళ్ళాను. నలభై దాటినవాళ్ళు ఎవరిని కదిపినా ఒకే సినిమా పేరెత్తారు. యుద్ధం ముగిసిన కొత్తలో వచ్చిన హాలీవుడ్ బొమ్మ. గుడారమంత గౌను తొడుక్కున్న జమీందారు కూతురు, ఓడలో వచ్చే వైద్యుడు, ప్రేమ, తుఫాను. చిక్కల్లా ముగింపుతోనే. తుఫాను తర్వాత ఓడ ఒడ్డుకి చేరిందనీ, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నాట్యం చేశారనీ ఊరంతా చెప్పింది. నేను చదివిన సినిమాల పుస్తకంలో మాత్రం ఓడ మునిగిపోతుంది, ఆ పిల్ల నల్లబట్టల్లో రేవు దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి ప్రాణం విడుస్తుంది.

ఊరు ఊరంతా ఒకే అబద్ధం ఎలా ఆడుతుంది? ఆదివారం మధ్యాహ్నం సుక్‌దేవ్ సారాకొట్టు వరండాలో ఎవరార్డ్ లామీని ఇదే అడిగాను. ఒకప్పుడు పక్క ఊరు కూవాలోని హాలు నుంచి మన హాలుకి సైకిలు మీద సినిమా డబ్బాలు మోసినవాడు. పక్కనే ఆయన భార్య థెల్మా ఒళ్ళో గిన్నె పెట్టుకుని కందికాయలు ఒలుస్తోంది.

"కూర్చో కామ్రేడ్," అన్నాడు ఎవరార్డ్. "నీ పుస్తకం రాసినవాడు ఆ బొమ్మ ఇంకెక్కడో చూసుంటాడు. ఇంకెక్కడ చూసినా ఆ పిల్ల చస్తుంది. ఇక్కడ చావలేదు. ఎందుకంటావ్? ఇక్కడ నేనున్నాను గనక."

"మొదలైంది," అన్నాడు సుక్‌దేవ్ గ్లాసు తుడుస్తూ.

"నేల క్లాసంటే ఏమిటో నీకు తెలీదబ్బాయ్, మీ తరం నోటికి తాళం వేసుకుని సినిమా చూస్తుంది, మా రోజుల్లో తెర మీద ఎవడైనా అబద్ధమాడితే మొహం మీదే అనేసేవాళ్ళం, దొంగవెధవ తలుపు వెనక నక్కితే హీరోకి ముందే కేకేసి చెప్పేవాళ్ళం, అలా ఎంతమంది హీరోల ప్రాణాలు నిలబెట్టామో హాలీవుడ్‌కే లెక్క తెలీదు. సరే, ఆ రోజు ఆ పిల్ల నల్లబట్టలేసుకుని రేవులో నిలబడింది. ఒకటే ఏడుపు. పైన బాల్కనీలో మన ఊరి డాక్టరుగారి భార్య రుమాలు పిండుతుంటే కింద కూర్చున్నవాడికి తలస్నానం అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది. లేచి, 'అమ్మాయీ, ఏడుపాపి సముద్రంకేసి చూడు' అని ఒక్క కేక వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరెంటు పోయింది," అన్నాడు సుక్‌దేవ్.

"చూసింది. సముద్రంకేసి కాదు, నాకేసి."

"కళ్ళజోడు మర్చిపోయి వచ్చుంటుంది పాపం," అంది థెల్మా.

ఎవరార్డ్ విననట్టే సాగిపోయాడు. "'అయ్యా, ఓడేదీ కనబడటం లేదే' అంది. గొంతు వణుకుతోంది. 'నీకు కన్నీళ్ళు అడ్డం తల్లీ, నాకు కనబడుతోంది, తెర అంచు దగ్గర ఇరుక్కుపోయింది' అన్నాను. ఉన్నమాటే. అంత లావు ఓడ అంత చిన్న గుడ్డలోకి ఎలా దూరుతుంది, నువ్వే చెప్పు? బల్లల మీంచి దూకుతూ ముందుకెళ్ళాను, తెర పక్కన వేలాడుతున్న లంగరు తాడు దొరకబుచ్చుకున్నాను, 'పట్టండిరా' అన్నాను. నేల క్లాసు మొత్తం లేచింది. అన్నీ చెరకు నరికే చేతులు. లాగాం చూడు, హాలు పైకప్పు కిర్రుమంది."

"మరి బాల్కనీ వాళ్ళు?" నోరు ఆపుకోలేక అడిగాను.

"చప్పట్లు కొట్టారు. బాల్కనీ ఎప్పుడూ అంతేగా."

శ్రమ ఒకరిది, చప్పట్లు ఇంకొకరివి. ఇంత చక్కగా నా పుస్తకాలేవీ చెప్పలేదు.

"లాగేకొద్దీ సముద్రం హాల్లోకి వచ్చేసింది. మోకాలిలోతు ఉప్పునీళ్ళు. ముందు బల్ల మీద కూర్చున్న జోసెఫాకి ఒళ్ళో చేపలు పడ్డాయి, మర్నాడు కూర వండి వీధంతా పెట్టింది. చివరికి ఓడ వచ్చి దభీమని రేవుకి తగిలింది. ఆ దెబ్బకి హాలు జానెడు పక్కకి జరిగింది. నమ్మవా? వెళ్ళి చూసుకో, పక్క తలుపు ఇవాళ్టికీ సరిగా పడదు. వైద్యుడు దిగాడు. పిల్ల నల్లబట్టలు ఎప్పుడు పోయాయో, ఒంటి మీద మల్లెపువ్వులాంటి గౌను. ఇద్దరూ నాట్యం. మధ్యలో వాడు టోపీ తీసి నాకు దణ్ణం పెట్టాడు. ఆ వారమంతా ఆటకోసారి నేనే లాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సినిమా తీసినవాళ్ళే కబురు పెట్టారు. 'మా గోదాములో ఏడుపు ముగింపులు పురుగు పట్టిపోతున్నాయి, మీరొచ్చి బాగుచెయ్యండి, కొండ మీద మేడ కట్టిస్తాం' అని. కోతల కాలం, తీరిక లేదన్నాను."

"కోతల కాలం నీకు ఎప్పుడు దాటింది గనక?" అన్నాడు సుక్‌దేవ్.

థెల్మా గిన్నె కింద పెట్టింది.

"ఎవరార్డ్, ఓడని నువ్వు లాగలేదు. డబ్బాలు కాలవలో పడేశావు."

ఆమె నావైపు తిరిగింది.

"కూవా నుంచి సైకిలు మీద డబ్బాలు కట్టుకొస్తున్నాడు నాయనా. దారిలో నేను నడిచి వెళ్తున్నాను. నన్ను దాటాక కూడా తల వెనక్కే పెట్టుకుని చెరకు తోట పక్క కాలవలోకి పోయాడు. డబ్బాల మూతలన్నీ ఊడాయి. నంబర్లుండేది మూతల మీదే. ఆటకి వేళవుతోందని ఏ మూత చేతికొస్తే అది బిగించేశాడు. ఆపరేటరు నంబరు చూసి వేశాడు. పిల్ల రేవులో కన్నుమూసే రీలు కథ మధ్యలో పడింది, స్పృహ తప్పిందనుకున్నాం. తర్వాత తుఫాను. వైద్యుడు మొట్టమొదటిసారి ఓడ దిగి ఆమెతో నాట్యం చేసే రీలు అన్నిటికంటే చివర్న వచ్చింది. అందరం ఆనందంగా ఇళ్ళకెళ్ళాం. అదీ సంగతి."

ఎవరార్డ్ ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. హాలుకే ఉన్న ప్రత్యేకత అంటే ఇదా, కాలవలో పడ్డ మూతలా? ఛైర్మన్ నవ్వి పంపేస్తారు.

"అది ఒక్కరోజు సంగతి కదా తాంతీ," అన్నాను. మా దగ్గర పెద్ద ఆడవాళ్ళని అలాగే పిలుస్తాం. "మరి ఊరంతా అలాగే ఎలా చూసింది?"

"మర్నాడు ఆపరేటరు తప్పు కనిపెట్టి వరసలో వేశాడు. ఓడ మునిగింది, పిల్ల పోయింది, దీపాలు వెలిగాయి. నేల క్లాసులో ఒక్కరు లేవలేదు. 'నిన్నటి ముగింపు వెయ్యి' అని బల్లలు బాదారు. యజమాని వచ్చి, ఇదే అసలు కథ, హాలీవుడ్ వాళ్ళు ఇలాగే తీశారన్నాడు. అయితే ఆ తప్పు హాలీవుడ్‌కే తెలియజెయ్యమన్నారు జనం. తోపులాటలో పక్క తలుపు ఊడింది. ఓడ తగిలి కాదు. ఆఖరికి ఆ నాట్యం రీలు మళ్ళీ చివర్న వేశాకే జనం కదిలారు. ఆ వారమంతా అదే వరస. అసలు ముగింపు చూసిన కూవా వాళ్ళు కూడా బస్సెక్కి వచ్చారు."

"ముందు కేకేసింది ఎవరు?"

థెల్మా ఇంకో కాయ తీసుకుని నెమ్మదిగా ఒలిచింది. "ఇతనే. అది మాత్రం నిజం."

"చెప్పానుగా," అన్నాడు ఎవరార్డ్, కుర్చీలో నిటారుగా అయ్యి.

ఛైర్మన్ గారూ, ఇంకెక్కడా లేనిది చూపించమన్నారు. ఇదిగో. పెద్దవాళ్ళు ఎక్కడో కూర్చుని రాసి పంపిన ముగింపుని, చెరకు కోసే మనుషులు బల్లలు బాది మార్పించుకున్న హాలు ఇది. వంకర తలుపు సాక్షి. నిన్న సాయంత్రం ఆ తలుపు ముందు పాత నేల క్లాసువాళ్ళంతా ఇళ్ళ నుంచి బల్లలు తెచ్చుకుని కూర్చున్నారు. మొదటి వరసలో ఎవరార్డ్, చేతిలో తాడు. ఎందుకని అడిగితే, అవసరం పడొచ్చు అన్నాడు. ఇవాళ ఇంకో వరస పెరిగింది.

మీ బోర్డు మీదున్న ముగింపు మాకు నచ్చలేదు. మీరు వేదిక మీద చెప్పిన మొదటి ముగింపే కావాలి. వేస్తారా, వెయ్యరా? మన కార్మిక దినం, 1974 జూన్ 19 లోపల జవాబు చెప్పండి.