వీధిగుమ్మంలోంచే

బందరులో మనసు వైద్యానికి గది తెరిచి నెలలు గడిచినా ఒక్కరూ గడప తొక్కలేదు. ఇక మూసేసి బెంగుళూరు ఆస్పత్రి ఉద్యోగానికే వెళ్లిపోదామని ఆ యువతి తాళం చేతికి తీసుకున్న సాయంత్రం, ఒక పెద్దావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మీరు మందులివ్వరంటగా, డాక్టరమ్మా?”

“ఇవ్వనండీ. మీరు చెప్పుకునేది వింటాను. దారి ఇద్దరం కలిసి వెతుకుదాం.”

“నాక్కాదు, మా తోటికోడలికి. వాళ్లాయన పోయినప్పట్నుంచీ చర్చిలో పాట ఎత్తుకుంటే గొంతు పట్టేస్తోంది.”

“బాగా పాడేవారా?”

“బాగానా! నేను ఎత్తుకుంటే పాస్టరుగారు కూడా ఆగి...” ఆవిడ నాలిక్కరుచుకుంది.

“లోపలికొచ్చి కూర్చోండి. మీ పాటల్లో మీవారికి ఏది ఇష్టమండీ?”

పెద్దావిడ చెప్పింది, ఏడ్చింది, మళ్లీ చెప్పింది. దీపాలు పెట్టే వేళకి సన్నగా ఓ చరణం అందుకుంది. గొంతు వణికింది గానీ ఆగలేదు. వింటున్న యువతి కళ్లు చెమర్చాయి.

“నన్ను పిచ్చి డాక్టరంటున్నారండీ ఊళ్లో. కావాలంటే దొడ్డిదారిన వెళ్లండి, ఎవరూ చూడరు.”

“ఎందుకమ్మా? వీధిగుమ్మంలోంచే వెళ్తాను. రేపూ వస్తాను.”

“నలుగురూ చూస్తారేమో?”

“చూడాలనేగా! మీ దగ్గరికి రావాలని ఉండి, జంకుతున్నవాళ్లు మా వీధిలోనే ఇంకో ఇద్దరున్నారు.”

డాక్టరమ్మకి ఇక నవ్వాగలేదు.