ఉరుకుందమ్మకు బదులు

"రెండు ఆటలు ఆడితే రెండూ ఓడిపోయినాం. ఇంకా ఏం సూడల్లంట?"

"ఇప్పుడే కదా రూపా, పోటీలు మొదలైంది."

ఎమ్మిగనూరులోని ఒక బాలికల హాస్టల్ వెనక, ఆదివారం పొద్దున, కొళాయి దగ్గర ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు. బాస్కెట్‌బాల్ జట్టు జెర్సీలన్నీ ఉతికేది రూప. ఆమె ఆడదు, చూస్తుంది. పుష్ప ఆడుతుంది.

"ఇప్పుడే మొదలైందంట! కృష్ణగిరి హాస్టల్ పిల్లోళ్ళు మనల్ని ఎట్ల కొట్టినారో మర్సిపోయినావా? వాళ్ళలో సగం మందికి బూట్లు కూడా లేవు మే. ఒట్టి కాళ్ళతో వచ్చి కొట్టిపోయినారు."

"ఆ పొద్దు ఎండ ఎక్కువుండె."

"ఎండ మనకొక్కరికే ఉండెనా? వాళ్ళకు ఎవరన్నా గొడుగు పట్టినారా?"

"ఆ సబ్బు ఇట్లియ్."

"ఇస్తా గానీ, నువ్వేంది ఈ పొద్దు ఉతికేకి వచ్చినావు? ఎప్పుడూ ఈ పక్క రానిదానివి."

"ఊరికే వచ్చినా."

"ఊరికేనంట! సరే, మంత్రాలయం ఆట సంగతి సెప్పు. రింగు కిందనే నిలబడుకోని, అడ్డం ఎవరూ లేకపోయినా, బాలును బోర్డు మింద నుంచి గోడవతలికి పంపించింది ఎవరు?"

"నేనే. తెలుసు కదా, మళ్ళా అడిగేది ఏంటికి?"

"నీ నోట్లోనుంచి ఇనల్లని. ఆ బాలు తెచ్చేకి యాత్రికుల బస్సు కింద దూరింది నేను. డ్రైవరు ఎంత తిట్టినాడో."

"తెచ్చినావులే."

"కవితక్క ఒక్కతే ఎంతని ఆడుతాది? బాలు తెచ్చేది ఆమే, ఏసేది ఆమే, పడకపోతే మళ్ళా ఎగిరి పట్టుకునేది ఆమే. తక్కినోళ్ళంతా పెండ్లికి వచ్చినట్ల నిలబడుకోని సూస్తారు. కెప్టెన్ అయిన పాపానికి ఆమె సావల్లనా?"

"కవితక్క నీతో అనిందా అట్ల?"

"ఆమె అనల్లనా? నాకు తెలుస్తాది. ఎడమ పక్కకి తిరిగితే బాలు ఈమని అర్థం. సెయ్యి ఇట్ల అనిందంటే నీళ్ళు. సీసా ఎత్తుకోని ఉరికిపోతా. ఆరో తరగతి నుంచి సూస్తాండా మే ఆమెను."

"ఊ."

"అందుకే సెప్తాండా, ఉరుకుందమ్మ రావల్ల. ఆ పాప ఆదోని హాస్టల్లో ఉండి ఏం లాభం? ఆ జట్టులో ఆమెకు బాలు అందిచ్చేటోళ్ళే లేరు. పేరు సూస్తే ముసలవ్వ పేరు, ఎగిరిందంటే రింగు వల అందుకుంటాది."

"వస్తాదంటనా?"

"అందరూ అదే అంటాండారు. వార్డెన్ మేడం ఫోన్లో మాట్లాడుతాంటే వంటామె ఇన్నాదంట. ఆమె, కవితక్క ఒక పక్క ఆడితే జిల్లా దాకా పోతాం సూడు. ఇంగో, ఒక మాట సెప్తా, ఎవురికీ సెప్పొద్దు."

"సెప్పను."

"ఆ ఉపాయం నాదే."

"ఏ ఉపాయం?"

"ఈడ సీట్లు నిండిపోయినాయి కదా, కొత్త పాపను తీసుకునేకి లేదు. ఆటల మేడం తల పట్టుకోని కూర్చోనుండె. నేనే పోయి సెప్పినా. ఈడినుంచి ఒకరు ఆడికి పోతే, ఆ పాప ఈడికి రావచ్చు కదా మేడం, మా ఊరి సార్లు బదిలీలు అట్లనే మార్చుకుంటారు అని. మేడం నా భుజం తట్టింది మే! ఇంత తెలివి యాడ దాసిపెట్టుకున్నావే అనింది."

"నువ్వా సెప్పింది?"

"నేనే. నోరు తెరిసేకి భయపడేదాన్ని, జట్టు కోసం తెరిసినా."

"మరి ఈడినుంచి ఎవరిని పంపమన్నావు?"

"మేడం ఇష్టం అది."

"రూపా. ఎవరి పేరు సెప్పినావు?"

"కోపం సేసుకోవద్దు మల్ల."

"సేసుకోను."

"నీ పేరే. ఇంకెవరిది సెప్పల్ల? నువ్వు పోతే జట్టుకు ఏం తక్కువైతాది, సెప్పు."

"ఊ."

"ఊ అంటావేంది? ఏడ్సు, తిట్టు, ఏమన్నా అను. ఆదోని కూడా బాగుంటాదిలే. పత్తి మిల్లుల దుమ్ము మింగుకుంటా బెంచీ మింద కూర్చో. మేమొచ్చి మీ జట్టును కొడతాంటే సప్పట్లు కొడుదువు."

"ఈ నల్లమట్టి మరక పోతాలేదు. నువ్వెట్ల పోగొడతావు?"

"ముందు సల్లనీళ్ళలో నానబెట్టల్ల. వేన్నీళ్ళు పోసినావంటే గుడ్డకు పట్టుకుంటాది, ఇంక పోదు."

"ఎంతసేపు నానబెట్టల్ల?"

"అన్నం తిని వచ్చేంతసేపు."

"కవితక్కది విడిగా ఉతుకుతావంట కదా?"

"తక్కినోటి రంగు దానికి అంటుతాది. అయినా ఆదోనికి పోయేదానివి, నీకేంటికి మే ఇవన్నీ?"

"నేర్సుకోమన్నారు."

"ఎవరు?"

"మేడం. నిన్న సాయంత్రం కోర్టు కాడ అందర్నీ కూర్చోబెట్టింది."

"అందర్నీనా? నన్ను పిల్సలేదే."

"జట్టును పిలిసింది."

"ఏం సెప్పింది?"

"ఉరుకుందమ్మ రేపు వస్తాంది."

"సూసినావా! నేను సెప్పలే? మరి నువ్వు పెట్టె సర్దుకోకుండా ఈడ కూర్చున్నావేందే?"

"ఆడేదాన్ని పంపిస్తే మనకే నష్టం అనింది మేడం. సీటుకు సీటు ఇస్తే సాలు, ఆడే పిల్లనే ఇయ్యల్లని యాడా లేదంట."

"అంటే?"

"పోయే పిల్ల ఇంటోళ్ళు వచ్చి గలాటా సేయకుండా ఉండల్ల అనింది. మా నాయనైతే గేటు కాడికి వచ్చి అరుస్తాడు, అందరికీ తెలుసు. మీ అమ్మానాయన సుగ్గికి పోయినారు కదా, గుంటూరు పక్క కోతలకు."

"ఎగతాళి సేయొద్దు పుష్పా."

"సేస్తాలేను."

"నేను ఫోన్ సేస్తే మా నాయన వచ్చేస్తాడు. ఆ పొద్దుకే వచ్చేస్తాడు."

"మేడం సేసింది ఫోను. సదువు యాడైతే ఏముంది, మీరెట్లంటే అట్ల మేడం, అన్నాడంట."

"కవితక్క ఒప్పుకోదు."

"ఆడనే ఉండె కవితక్క."

"ఉండెనా? మరి నీళ్ళు ఎవరిస్తారు అనలేదా?"

"అనింది."

"అనింది కదా! నాకు తెలుసు. ఇంకా ఏమనింది?"

"ఆరో తరగతి పిల్లోళ్ళు తెస్తారులే అనింది."

"అబద్ధం. అంతా నువ్వే సేసినావు. నీ పేరు సెప్పినానని తెలిసి, పగబట్టి నువ్వే నా పేరు సెప్పినావు."

"నేను ఉత్త పేరే సెప్పినా రూపా. ఆ నీళ్ళు తెచ్చే పిల్లను పంపిద్దాం మేడం అనింది కవితక్కనే. దాని పేరేందే అని నా పక్కకు తిరిగి అడిగింది."